అరుగు ఏదిరా

తలుపు పూర్తిగా పడటం లేదు, అదే రాజ్ కుమార్‌కి వచ్చిపడిన చిక్కు. అది శుభ్రంగా మూసుకుపోయి ఉంటే ఈ వరండాలో, ఈ ఇనప కుర్చీలో, ఫోన్ చూసుకుంటూ గంటసేపు ఎలాగోలా గడిపేసేవాడు. బెత్తెడు సందు వదిలేసి ఆగిపోయింది తలుపు, ఆ సందులోంచి ఫ్యాను చప్పుడుతో పాటు లోపలి మాటలన్నీ వచ్చి చెవిన పడుతున్నాయి. “ఇదేంటండీ మణిశంకర్ గారూ? రోజూ వాడేదేనండి, బాగా చూసి చెప్పండి,” అంటోంది మాటలు నేర్పే ఆవిడ. బయట బోర్డు మీద ఆశాజ్యోతి అని ఉంది ఆవిడ పేరు. తర్వాత ఒక గొంతు, “తా... తాగేది,” అంది. రాజ్ కుమార్ కుర్చీలో ఇటునించి అటు సర్దుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. జాంపేటలో ఇద్దరూ కలిసి పనిచేసిన మేడమీద గదిలో పొద్దస్తమానం విన్న గొంతు అది. వేళ్లు కీబోర్డు మీద ఆడుతున్నా నోరు ఆగేది కాదు వెధవకి, నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వరా బాబూ అని తనే ఎన్నిసార్లు అన్నాడో. ఇదిగో, ఇచ్చేశాడు. ఛీ, ఏం మాటలివి అని వెంటనే తనని తాను తిట్టుకున్నాడు. “తాగేదేనండి, కరెక్టే. దాన్ని ఏమంటాం?” అని మళ్లీ ఆవిడ. గ్లాసు. గ్లాసురా మణీ. పెద్ద కష్టమైన మాటేం కాదు, మూడేళ్ల పిల్లలు చెప్పేస్తారు. లోపలికి వెళ్లి చెప్పేద్దామా అన్నంత ఆత్రం వచ్చింది రాజ్ కుమార్‌కి, పరీక్ష హాల్లో పక్కవాడికి జవాబు అందించినట్టు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, గ్లాసు అన్న మాట రాలేదు, ఆవిడ ఇంకో బొమ్మ తీసింది.

నిన్న సాయంత్రం ఫణిశ్రీ ఫోన్ చేసింది. మణిశంకర్ భార్య. ఆ నంబరు ఫోన్‌లో ఇంకా ఉందన్న సంగతే మరిచిపోయాడు, పేరు వెలిగేసరికి రెండుసార్లు చదువుకున్నాడు. “అన్నయ్యగారూ, నేనండి, కొవ్వూర్నించి,” అంది, ఎన్నేళ్లయిందో మాట్లాడి, అయినా నిన్నో మొన్నో మాట్లాడినట్టే. వేసవిలో ఆయనకి తలలో రక్తం గడ్డకట్టిందిట, చెయ్యీ కాలూ దేవుడి దయవల్ల తేరుకున్నాయిట, మనుషుల్ని గుర్తుపడతారట, చెప్పింది అర్థమవుతుందట. “పేర్లే పోయాయండి. వస్తువు చూస్తారు, అదేంటో తెలుసు, పేరు అందదు. నన్ను కూడా పిలవలేరండి, ఇదిగో, అదిగో అంటారు.” తర్వాత అసలు సంగతి. రోజూ ఏదో అడుగుతున్నారట, ఇంగ్లీషులో, ఒకటే మాట, ఎవరికీ అంతు పట్టటం లేదట. “మీ ఇద్దరి పాత పని తాలూకు మాటేమో అనిపించిందండి. మీరు వింటే తెలుస్తుందేమోనని. మీ మధ్య ఏం జరిగిందో నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను,” అంది. ఆ మాటేంటో ఫోన్‌లోనే చెప్పబోయింది. తనే వద్దన్నాడు. వస్తాను లెండమ్మా, వచ్చి వింటాను అన్నాడు. ఎందుకు వద్దన్నాడో తనకే తెలీదు, కాదు, తెలుసు. రాజూ అని అంటున్నాడేమో అన్న ఆశ. రాజూ ఇంగ్లీషు మాటెలా అవుతుంది, అయినా సరే, మనిషి ఆశకి అర్థం పర్థం ఉంటుందా. ఇంట్లో అందరికీ తను కుమార్. ఆఫీసులో సార్. చర్చిలో రాజ్ కుమార్ గారు. రాజూ అని పిలిచేవాడు భూమ్మీద ఒక్కడే, వాడు పిలవడం మానేసి చాలా ఏళ్లయింది, పొద్దున్నే తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకుంటే ఇంత వయసొచ్చాక ఒక్క పిలుపు కోసం వెళ్తున్నానేంటి అని సిగ్గేసింది కూడా. వెళ్లి ముందు క్షమించరా అనాలా, లేక వాడు పిలిచాక అనాలా అని దారంతా ఆలోచించాడు. క్లాసు అయ్యేదాకా బయటే కూర్చోండన్నయ్యగారూ, మధ్యలో కొత్తవాళ్లొస్తే మళ్లీ మొదటికొస్తుంది అని చెప్పి ఫణిశ్రీ లోపలికి వెళ్లింది. కొత్తవాళ్లు. సరే.

“ఇది?” “తలుపుకి... తలుపుకి వేసేది.” తాళం. “ఇది?” “తల... దువ్వేది.” దువ్వెన. “ఇదండీ?” “వా... వాన... వాన పడకుండా...” రాజ్ కుమార్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తాగేది, వేసేది, దువ్వేది, వాన పడకుండా పట్టుకునేది. వస్తువు పేరు కాదు, ఆ వస్తువు చేసే పని. సరిగ్గా ఇదే కదా తను ఇన్నేళ్లుగా గొంతు చించుకుని చెబుతూ వచ్చింది. ప్రోగ్రాము రాసేటప్పుడు ఒక విలువని దాచుకోవడానికి ఒక డబ్బా పెట్టుకుంటాం, ఆ డబ్బాకి పెట్టే పేరు చూడగానే అందులో ఏముందో, దాంతో ఏం పనో తెలిసిపోవాలి. చేరిన ప్రతి కొత్త పిల్లకీ పిల్లాడికీ మొదటి రోజే ఈ పాఠం. అంకెతో మొదలెట్టకూడదు, మధ్యలో ఖాళీ వదలకూడదు, పదాన్నీ పదాన్నీ అండర్‌స్కోర్ అనే అడుగుగీతతో కలపాలి, భాష తనకోసం అట్టేపెట్టుకున్న మాటల జోలికి వెళ్లకూడదు, ఎప్పటికీ మారనివాటికి అన్నీ పెద్దక్షరాలే, అవునా కాదా అని తేల్చేవాటికి ముందు ఈజ్ అని చేర్చాలి. సొంత పైత్యం పనికిరాదు. చమత్కారాలు అసలే పనికిరావు. ఎప్పుడో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు తెరిచి చూసినా అర్థమైపోవాలి. ఇంట్లో వంటగదిలో కూడా వదల్లేదు తను, హార్లిక్స్ సీసాలో కందిపప్పేంటి, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలేంటి అని భార్య రెబెక్కా మీద ఎగిరితే, “వండేదాన్ని నాకు తెలుసు కదండీ, మీకెందుకు ఆ బాధ?” అంది నవ్వుతూ. ఆ రోజు రాత్రి కూర్చుని అన్నింటికీ చీటీలు రాసి అంటించాడు. వారం తిరక్కుండా చీటీ అలాగే ఉంది, లోపల సరుకు మారిపోయింది. లోపల గదిలో మణిశంకర్ ఇప్పుడు చమత్కారాలేమీ లేకుండా, సొంత పైత్యం ఇసుమంత లేకుండా, ప్రతిదానికీ అది చేసే పనే పేరుగా చెబుతున్నాడు. ఇంత చక్కగా రూలు పాటించినవాడు ఇంకొకడు లేడు. రాజ్ కుమార్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఒకప్పుడు వాడు పెట్టిన పేర్లు చూడాలి. ఇద్దరూ కలిసి కడియపులంక నర్సరీలవాళ్లకి బిల్లుల ప్రోగ్రాము రాసిన రోజులు, మేడమీద గది, కింద సైకిల్ షాపు, రెండు పాత కంప్యూటర్లు, పక్క మెట్ల మీదనించి వచ్చే మిరపకాయ బజ్జీల వాసన. తను కొన్నాళ్లు హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి, అక్కడ ఒక పేరు సరిగా పెట్టలేదని పదిమంది ముందు చీవాట్లు తిని, ఆ బుద్ధి మూటగట్టుకుని వచ్చినవాడు. మణి ఎక్కడా చెయ్యలేదు. కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టి, మంత్రాలు వల్లెవేసిన నోటితోనే ప్రోగ్రాములు వల్లెవేసేవాడు. విలువని కాసేపు పక్కన పెట్టుకుని మళ్లీ తీసుకోవాలంటే లోకమంతా టెంప్ అని రాస్తుంది, వీడు ఇంగ్లీషు అక్షరాల్లో అరుగు అని రాశాడు. “అరుగేంట్రా నీ మొహం!” అంటే, “ఒరేయ్ రాజూ, బరువు మోసుకొచ్చేవాడు కాసేపు దింపుకునేది అరుగు మీద కాక ఎక్కడరా?” అన్నాడు. వచ్చినవన్నీ పోగుచేసుకునేది పిన్ని, ఎందుకంటే వాళ్ల పిన్ని ఏ పెళ్లికి వెళ్లినా మిగిలిన తాంబూలాలన్నీ సంచీలో వేసుకొస్తుందట. ఎప్పటికీ మారనిది మావయ్య. అదైతే నిజంగా పెద్దక్షరాల్లోనే రాశాడు, మా మావగారికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలిగా అని. ఇక బిల్లు బయటికి వెళ్లేముందు అంతా సరిగ్గా ఉందా లేదా అని తేల్చేది ఒకటుంది, ప్రోగ్రాములో అన్ని దారులూ దాన్ని అడిగే వెళ్లాలి. దానికి రాజు అని పెట్టాడు. “నా పేరెందుకురా మధ్యలో?” “నువ్వు ఊఁ అనందే ఇక్కడ ఏ పనైనా కదులుతోందా? టీ చెప్పాలన్నా నువ్వు ఊఁ అనాలి. రాజు ఊఁ అంటే బిల్లు వెళ్తుంది, లేదంటే లేదు. అంతకన్నా అర్థమయ్యే పేరు నువ్వు చెప్పు చూద్దాం.” తను కిందకి కేకేసి టీ చెప్పాడు. లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది, ఎందుకు దాచడం. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు వాడు రాగం తీస్తూ, రాజు ఒప్పుకోవట్లేదు, రాజుకి ఏదో అనుమానంగా ఉంది, రాజుగారు శాంతించారు అని గొణుక్కుంటూ ఉంటే, తను పక్క బల్ల దగ్గర వినీ విననట్టు పని చేసుకునేవాడు. ఆ గొణుగుడు లేకపోతే పని సాగినట్టే ఉండేది కాదు.

“అలిసిపోయారాండీ? కాసిని నీళ్లు తాగండి,” అంటోంది ఆశాజ్యోతి. ఫణిశ్రీ సీసా మూత తీసిన చప్పుడు. తాగేది, అనుకున్నాడు రాజ్ కుమార్, తాగేదాంట్లో తాగుతున్నాడు. కిటికీలోంచి కింద వీధి కనపడుతోంది, ఒక ఆటో అడ్డంగా ఆగి వెనకవాళ్లందరిచేతా హారన్లు కొట్టించుకుంటోంది, దాని వెనక ట్రాలీ నిండా పూలకుండీలు, కడియం వైపునించే వచ్చి ఉంటాయి, కాగితం పూలు ఎండకి ఎర్రగా మండుతున్నాయి. ఎటు చూసినా ఆ నర్సరీలే. ఎప్పుడైనా సామర్లకోట వైపు వెళ్లాలన్నా ఆ రోడ్డు మానేసి చుట్టు తిరిగి వెళ్తాడు తను. హైదరాబాదునించి ఒకాయన వస్తానన్నాడు అప్పట్లో. ప్రోగ్రాము బాగుందని విన్నాం, లోపల ఎలా రాశారో ఒకసారి చూస్తాం, నచ్చితే మా కంపెనీతో కలుపుకుంటాం అని. ఆ మాటతో తనకి నిద్ర పట్టలేదు. ఆయన వచ్చి తెరుస్తాడు, అరుగు కనపడుతుంది, పిన్ని కనపడుతుంది, మావయ్య కనపడతాడు, ఆయన ఏమీ అనడు, పెదవి కొసన నవ్వుతాడు. ఆ నవ్వు తను ఎరిగినదే, హైదరాబాదులో పదిమంది ముందు పడింది అదే. సరిగ్గా అప్పుడే మణి వాళ్ల నాన్నగారి ఆబ్దికానికి ఊరెళ్లాడు. వెళ్తూ, “పేర్ల సంగతి నేనొచ్చాక చూద్దాంరా, ఇద్దరం కూర్చుని మారుద్దాం, నాకు మాత్రం సిగ్గు లేదా ఏంటి?” అన్నాడు. అన్నాడు కదా. మారుద్దామనే అన్నాడు. నాలుగు రోజులు ఆగితే సరిపోయేది, ఆ పెద్దమనిషి రావడానికి వారం పైనే ఉంది. ఆగలేదు తను. గది తలుపేసుకుని కూర్చున్నాడు, అరుగు తీసేసి టెంప్, పిన్ని తీసేసి టోటల్, రాజు తీసేసి, సరిగ్గా ఉందా అని అడిగే ఈజ్ వాలిడ్. ఒక్కొక్కటీ వెతికి మార్చే ఓపిక లేక, ఎక్కడ ఆ పేరున్నా మార్చెయ్ అని మిషన్‌కే చెప్పి ఒక్క మీట నొక్కాడు. మార్చేసింది. పాపం దానిదేముంది, చెప్పింది చేసింది. శుభ్రంగా మెరిసిపోతున్న తెర చూసుకుని, ఇల్లు కడిగించినంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు ఆ సాయంత్రం, ఇప్పుడు తల్చుకుంటే ఆ హాయికే ఒళ్లు మండిపోతోంది.

ఎక్కడ ఆ పేరున్నా మార్చెయ్యమన్నాడు కదా. గోదావరి జిల్లాల్లో కూర్చుని రాజు అన్న మాట ఎక్కడ కనపడినా మార్చెయ్యమనే బుద్ధిమంతుడు ఇంకెవడైనా ఉంటాడా? ఏ ఊరు వెళ్లినా సుబ్బరాజుగారు, ఏ చెరువు గట్టు మీద చూసినా సోమరాజుగారు. ఆ ఖాతాదారుల పేర్లన్నీ మణి ప్రోగ్రాములోనే రాసిపెట్టాడు మొదట్లో, అది వాడి తప్పే, అలా రాయకూడదు, అదీ రూలే. కానీ మీట నొక్కిందీ, మార్చినదాన్ని నర్సరీల కంప్యూటర్లలో ఎక్కించిందీ తను. మణి ఊర్నించి తిన్నగా కడియపులంకలో దిగాడు, సోమరాజుగారి నర్సరీలో లారీకి మొక్కలెక్కుతున్నాయి, బిల్లు తియ్యాలి. తీశాడు. సోమరాజుగారి పేరుండాల్సిన చోట సోమ అని ఉండి, దానికి తోకలాగా ఈజ్ వాలిడ్ అని వేలాడుతోంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడట. “ఏవండీ మణిశంకర్ గారూ, మా నాన్న పెట్టిన పేరండీ ఇది, దీనికి కూడా కంప్యూటర్ పర్మిషన్ కావాలాండీ, ఆయ్?” అన్నాడట. లారీ డ్రైవరు పగలబడి నవ్వాడట. సుబ్బరాజుగారి బిల్లూ అంతే, రామరాజుగారిదీ అంతే. మణి ఒక్కొక్క బిల్లు మీదా పెన్నుతో కొట్టేసి, రాజు, రాజు, రాజు అని చేత్తో రాసిచ్చాడట. ఇదంతా తనకి చెప్పింది మణి కాదు, తర్వాత సోమరాజుగారే చెప్పారు, అదీ నవ్వుతూనే. తను కూడా నవ్వాడు అప్పుడు. ఎలా నవ్వాడో.

వచ్చాడు మణి ఆ మధ్యాహ్నం. గుండు చేయించుకుని ఉన్నాడు, మెడకి చెమట పట్టి ఉంది. గొడవ పడతాడనుకుని తను జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. వాడు సంచీ కింద పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, మొదట్నించీ చివరిదాకా చూసుకుంటూ వెళ్లాడు, చాలాసేపు పట్టింది, ఆ గదిలో వాడు అంతసేపు నోరు మెదపకుండా ఉండటం అదే మొదలు. తర్వాత తెర మీదనించి కళ్లు తిప్పకుండానే, “అరుగు ఏదిరా?” అన్నాడు. “టెంప్ అని మార్చాను.” “పిన్ని?” “టోటల్.” ఇంకొకటి అడుగుతాడని ఎదురుచూశాడు తను. అడగలేదు. “బాగుందండీ రాజ్ కుమార్ గారూ, శుభ్రంగా ఉంది,” అని లేచాడు. వెటకారమనుకున్నాడు మొదట. కాదు. మర్నాడూ రాజ్ కుమార్ గారే, ఆ తర్వాతా రాజ్ కుమార్ గారే, మీరే, అండీనే. ఒరేయ్ అని వెనకనించి డిప్ప మీద కొట్టినవాడు, టీ తాగుతారాండీ అని అడుగుతాడు. తిట్టినా పడి ఉండేవాడు తను, ఆ గారుని మాత్రం తట్టుకోలేకపోయాడు. ఇంకా ఘోరమేంటంటే వాడు రూల్స్ అన్నీ తూచా తప్పకుండా పాటించడం మొదలెట్టాడు. ఒక్క పేరు తేడా ఉండేది కాదు. గొణుగుడు కూడా మారింది, ఈజ్ వాలిడ్ ఒప్పుకోవట్లేదు, ఈజ్ వాలిడ్‌కి ఏదో అనుమానంగా ఉంది. మెల్లగా, తనకి వినపడేట్టు, నవ్వకుండా. హైదరాబాదు పెద్దమనిషి వచ్చాడు, చూశాడు, చాలా నీట్‌గా ఉందన్నాడు, మళ్లీ రాలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు. ఆ మాట చెప్పి ఇద్దరం నవ్వుకోవచ్చనుకున్నాడు తను, అలాగాండీ అన్నాడు మణి. ఆ ఏడాది ఆఖర్లో కొవ్వూరులో ఏదో కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికిందండి అని చెప్పి వెళ్లిపోయాడు. మెట్ల దాకా వెళ్లి దింపాడు తను. పేర్లు మార్చినందుకు కోపమా అని ఒక్క ముక్క అడిగి ఉంటే? మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుంది గనక, అయినా ఆ మెట్ల మీద అడగొచ్చు. అడగలేదు. పైగా, పోతే పోనీ, ఇంత చిన్న విషయానికా అని లోపల ఒక మూల పౌరుషం. చిన్న విషయమే. ఆ చిన్న విషయంలో వాడి పిన్నీ, వాడి మావగారూ, వాళ్లింటి అరుగూ ఉన్నాయి, అన్నింటికీ మించి తను ఉన్నాడు. వాళ్లందర్నీ ఒక్క మీటతో గెంటేసి, అందరితో పాటు తనని తానే గెంటుకున్నాడు.

తర్వాత ఒక అవకాశం వచ్చింది, అదీ పోగొట్టుకున్నాడు. ఆఫీసు పెరిగి, పిల్లలు చేరి, వాళ్లు రాసిన ప్రతి ముక్కా తను చూసి ఊఁ అంటేనే ముందుకెళ్లే రోజులొచ్చాయి. జంగారెడ్డిగూడెం అమ్మాయి లోవలక్ష్మి కొత్తగా చేరింది, చదువు కొవ్వూరులో. ఆ పిల్ల మొదటిసారి రాసింది తెరిచి చూస్తుంటే మధ్యలో కనపడింది. అరుగు. ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా, పాత స్నేహితుడు వీధిలో కనపడినట్టు. ప్రాణం లేచొచ్చింది. పిలిచి, ఇదెక్కడిదమ్మా అని అడిగితే, “మా మణిశంకర్ సార్ చెప్పారండి. టెంప్ అంటే మాకు అర్థం కాలేదండి, అరుగంటే వెంటనే తెలిసిందండి. తప్పాండీ?” అంది భయపడుతూ. అంటే వాడు మానలేదు. రూల్స్ అన్నీ పాటించింది తన గదిలోనే, తన ముందే. బయటికి వెళ్లాక మళ్లీ అరుగు వేసుకుని, దానిమీద కూర్చుని పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు. ఎంత సంతోషమేసిందో, అంత కుళ్లూ వచ్చింది. చెయ్యి ఫోన్ మీదకి వెళ్లింది కూడా. ఒరేయ్ మణీ, నీ అరుగు దొరికిందిరా అంటే చాలు. ఏమంటాడో. చెప్పండి రాజ్ కుమార్ గారూ అంటే? ఆ ఒక్క భయంతో ఫోన్ పక్కన పెట్టేసి, ఆ పిల్ల రాసిన వాక్యం పక్కన, పేరు మార్చి పంపండి అని రాశాడు. మార్చి పంపింది. టెంప్. ఊఁ అన్నాడు. ఆ రోజు ఫోన్ చేసి ఉంటే వాడి నోట్లో ఇంకా అన్ని పేర్లూ ఉన్నాయి, గ్లాసూ తాళం దువ్వెనా అన్నీ, తిట్టడానికి కావలసినన్ని తిట్లు కూడా ఉన్నాయి. అన్నీ ఉన్నన్నాళ్లూ ఎదురుగా గోదావరి మీద వంతెన దాటితే చాలు, తను దాటలేదు. ఇప్పుడొచ్చాడు, ఖాళీ డబ్బాల దగ్గరికి.

“అన్నయ్యగారూ, రండి,” అంది ఫణిశ్రీ తలుపు లాగి. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. లోపల చిన్న గది, బల్ల మీద బొమ్మల అట్టలు, గోడకి అద్దం, నోరు ఎలా తిరుగుతోందో చూసుకోవడానికి కాబోలు. మణి చిక్కిపోయాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఇంకొకదాంట్లో ఉన్నాయి, జుట్టు పొట్టిగా కత్తిరించారు. తనని చూశాడు. చూస్తూనే మొహం విప్పారింది, కొత్తవాళ్లని చూసే చూపు కాదు అది, గారు అని పిలిచేవాడి చూపు అంతకన్నా కాదు. “చూడండి, మీకోసం ఎవరొచ్చారో! వీరి పేరు చెప్పండి,” అంది ఆశాజ్యోతి. చెప్పరా, ఒక్కసారి అనరా, రెండక్షరాలు, నిన్ను ఇంకేమీ అడగను అని రాజ్ కుమార్ లోపల్లోపల బతిమాలుకున్నాడు. మణి నోరు తెరిచాడు, మూశాడు. కుడిచేతి వేళ్లు బల్ల మీద ఏవో మీటలు నొక్కుతున్నట్టు కదిలాయి. “ఈ... ఈజ్...” అని, గుటక వేసి, “ఈజ్... వాలిడ్,” అన్నాడు.

“అదిగోనండి, అదే మాట,” అంది ఫణిశ్రీ ఆదుర్దాగా. “వీధి తలుపు చప్పుడైతే చాలు, అటు చూసి అదే అంటారు. ఫోన్‌కి వాలిడిటీ అయిపోయిందేమోనని రీచార్జ్ చేయించానండి. మళ్లీ అన్నారు. మళ్లీ చేయించాను. బండి ఇన్సూరెన్సు, ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు, అన్నీ తెచ్చి ముందు పెట్టాను. కాదని తల అడ్డంగా ఊపేసి, మళ్లీ తలుపు వైపే చూస్తారు. ఏం కావాలంటున్నారండీ?” రాజ్ కుమార్ తలుపు వైపు చూశాడు. వేసవినించీ. తలుపు చప్పుడైనప్పుడల్లా. ఏమీ కావాలనటం లేదమ్మా, పిలుస్తున్నాడు. ఆ పేరు రాసినప్పుడల్లా, గొణిగినప్పుడల్లా, అండీ అన్నప్పుడల్లా వాడు లోపల పిలిచింది తననే, ఎన్ని గారులు పెట్టినా మనసులో ఆ డబ్బాలో ఉన్నది తనే. అన్నీ పోయాక అడుగున అదొక్కటి మిగిలింది. రాజూ అన్న పిలుపు ఇక రాదు, దాన్ని తన చేత్తోనే తీసేసి, దాని చోట ఇది పెట్టాడు. అక్కడ ఏది పెడితే అదే కదా వాడికి దొరుకుతుంది.

“కాదండీ మణిశంకర్ గారూ, మనిషి పేరు అడుగుతున్నాను. రా... రా తో మొదలవుతుంది, ప్రయత్నించండి,” అని ఆశాజ్యోతి పెదాలు తిప్పి చూపించింది. మణి మొహంలో వెలుగు తగ్గింది. తప్పు చెప్పిన పిల్లాడిలా ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి తన వైపు చూశాడు, రా అనబోయి గాలి మాత్రమే వదిలాడు.

“ఆగండి మేడమ్, దిద్దకండి,” అన్నాడు రాజ్ కుమార్. “తప్పు చెప్పలేదండి వాడు. సరిగ్గానే చెప్పాడు. అది నా పేరేనండి. నేనే పెట్టుకున్నాను.”

ఆవిడ అర్థంకాక ఫణిశ్రీ వైపు చూసింది. రాజ్ కుమార్ కుర్చీ లాక్కుని మణికి ఎదురుగా కూర్చున్నాడు, తప్పిపోయిన గుండీ తీసి సరిగ్గా పెట్టాడు. మణి ఆ చేతివంకే చూస్తూ ఉండి, పక్క బల్ల దగ్గర్నించి పిలిచినట్టు, కాస్త గట్టిగా, ఇంకోసారి అన్నాడు.

“ఈజ్ వాలిడ్?”

“ఊఁ,” అన్నాడు రాజ్ కుమార్. “ఊఁ. చెప్పరా.”